ఎర్ర గోలీ వెనుక ఉన్న మనిషి: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు



మన సంఘం ప్రత్యేక సంచికకు కడుపు ఆరోగ్యం గురించి నాలుగు మాటలు రాసి ఇమ్మని కార్యవర్గ మిత్రులు నన్ను అడిగారు. నేను డాక్టరును కాను. ఆరోగ్య శాఖలో 1978లో చేరి, తొర్రూరు చుట్టుపక్కల పల్లెల్లో సైకిలు మీద, తర్వాత మోపెడ్ మీద తిరిగి, 2012లో రిటైరైన క్షేత్రస్థాయి ఉద్యోగిని మాత్రమే. అందుచేత సలహాలు చెప్పే బదులు ఒక మహానుభావుని జీవితం చెబుతాను. కడుపు గురించి మనం తెలుసుకోవలసింది చాలావరకు ఆ జీవితంలోనే ఉంది. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

ముందుగా ఒక తప్పు ఒప్పుకోవాలి. హరిపిరాల, అమ్మాపురం వంటి ఊళ్ళలో గర్భిణీ స్త్రీలకు ఎర్ర గోలీలు పంచడం నా ఉద్యోగంలో ముఖ్యమైన పని. ఇనుము, ఫోలిక్ ఆమ్లం కలిపిన బలం గోలీలు అవి. దొడ్డికి నల్లగా వస్తుందని కొందరు ఆడవాళ్ళు వాటిని వాకిట్లో పారేస్తే, ఏరి చేతిలో పెట్టి, ఇనుము వల్ల అలా వస్తుంది, భయం లేదని నచ్చజెప్పి మింగించేవాణ్ణి. తర్వాతి కాలంలో ఏడాదికొకసారి బోదకాలు రాకుండా ఇచ్చే గోలీలు కూడా ఇంటింటికీ తిరిగి మింగించాం. ఈ రెండు రకాల గోలీల వెనుకా ఉన్నది మన తెలుగువాడేనని ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో నాకు తెలియదు. నా కడుపు చెడిన తర్వాతే తెలిసింది.

అది 2016. మన తొర్రూరు కొత్తగా ఏర్పడిన మహబూబాబాద్ జిల్లాలో కలిసిన సంవత్సరం. దసరాకు ముందు మొదలైన విరేచనాలు సంక్రాంతికి కూడా తగ్గలేదు. నాలుగు రోజులు బాగుండేది, మళ్ళీ మొదలయ్యేది. నూనె తేలినట్టు, పాలిపోయిన రంగులో వచ్చేది. నాలుక ఎర్రబడి కారం తగిలితే మండేది. అన్నం తింటున్నా ఒళ్ళు కరిగిపోతున్నది. పాదాల్లో చీమలు పాకినట్టు తిమ్మిరి. ఇంతా జరుగుతుంటే నేను చేసిందేమిటి? ఆరోగ్య శాఖలో పనిచేసినవాణ్ణి కదా, నాకు తెలియనిదేముందని మందుల దుకాణంలో విరేచనాలు కట్టే గోలీలు, గ్యాస్ గోలీలు కొని వేసుకున్నాను. నీరసానికి రోజూ ఒక ఎర్ర గోలీ కూడా మింగాను. ఈ సంగతి ఇంట్లో చెప్పడానికి సిగ్గు. కోడలు ముందు దొడ్డి సంగతి ఎలా మాట్లాడతాం? చివరికి నా చేతి గడియారం మోచేతి దాకా జారుతుండడం చూసి మా ఇంటావిడ గట్టిగా నిలదీసింది. అబ్బాయిని పిలిపించి వరంగల్‌కు తీసుకుపోయింది.

అక్కడ కడుపు జబ్బుల డాక్టరుగారు రక్తం, మలం పరీక్షలు చేయించి, గొట్టం వేసి పేగు లోపల చూసి, నా చిన్నపేగు తిన్నదాన్ని పీల్చుకోవడం లేదని తేల్చారు. ఇంగ్లీషువాళ్ళు స్ప్రూ అన్న జబ్బు ఇది. మన వైద్యులు గ్రహణి అనే పేరుతో చెప్పే లక్షణాలకు దగ్గరగా ఉంటుంది. ఆయన రాసినవి మూడే మందులు: ఫోలిక్ ఆమ్లం, బి12 సూదులు, టెట్రాసైక్లిన్ జాతికి చెందిన ఒక యాంటీబయాటిక్. కొన్ని నెలలు వాడమన్నారు. ఫోలిక్ ఆమ్లం చీటీ మీద చూసి, ఇది నేను జీవితమంతా పంచిన మందే కదా, దీనికి పేగుతో ఏమి సంబంధమని అడిగాను. ఆయన నవ్వి, సుబ్బారావుగారి గురించి చదవమన్నారు. మా మనవరాలి సాయంతో పుస్తకాలు సంపాదించి చదివాను. అలా తెలుసుకున్నదే ఇప్పుడు మీ ముందు పెడుతున్నాను.

బాల్యం, చదువు

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. తండ్రి చిరుద్యోగి, పైగా అనారోగ్యంతో ముందుగానే ఉద్యోగం వదులుకోవలసి వచ్చింది. సంసారం కష్టాల్లో పడింది. కుర్రవాడికి చదువు మీద మొదట్లో అంత శ్రద్ధ లేదు. కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు సంపాదిద్దామని పదమూడో ఏట ఇల్లు వదిలి బయల్దేరితే, తల్లి వెనక్కి రప్పించి మళ్ళీ బడిలో వేసింది. రాజమహేంద్రవరంలోనూ, తర్వాత మద్రాసు హిందూ హైస్కూలులోనూ చదివి, మూడో ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ గట్టెక్కారు. పిల్లలు ఒకసారి తప్పితే జీవితం అయిపోయిందనుకునే తల్లిదండ్రులు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదువుతున్నప్పుడు ఆయనకు సన్యాసం మీద మనసు పోయింది. రామకృష్ణ మఠంలో చేరాలనుకున్నారు. వైద్యం చదివి జనానికి సేవ చేయడం కూడా ఆ మార్గమేనని అక్కడి స్వాములు నచ్చజెప్పారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. 1919లో శేషగిరిగారితో వివాహమైంది. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు చదువుకు అండగా నిలిచారు. అది స్వాతంత్ర్యోద్యమ కాలం. గాంధీగారి పిలుపు విని సుబ్బారావుగారు ఖద్దరు గుడ్డతో కుట్టిన ఆపరేషన్ కోటు తొడుక్కుని కాలేజీకి పోయారు. అది తెల్లదొర ప్రొఫెసరుకు నచ్చలేదు. రాత పరీక్షలు బాగా రాసినా, చివరికి ఎం.బి.బి.ఎస్. కాకుండా దానికన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా చేతిలో పెట్టారు. ప్రభుత్వ వైద్య శాఖలో ఉద్యోగం దొరకలేదు.

ఇంట్లోకి వచ్చిన జబ్బు

ఆ సంవత్సరాల్లోనే ఆ కుటుంబం మీద పిడుగు పడింది. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి కొద్ది రోజుల తేడాతో చనిపోయారు. ఇద్దరినీ బలిగొన్నది స్ప్రూ జబ్బే. ఎదిగిన కొడుకులు కళ్ళముందు ఎండిపోయి పోతుంటే ఆ తల్లి ఎలా తట్టుకుందో ఊహించుకోండి. వైద్యం చదివిన కొడుకు పక్కనే ఉండి కూడా ఏమీ చేయలేని పరిస్థితి. ఆనాడు ఆ జబ్బుకు కారణం తెలియదు, మందు తెలియదు.

తర్వాత అదే జబ్బు సుబ్బారావుగారికీ వచ్చింది. ఆయనను గట్టెక్కించినవారు డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారు. ఇంగ్లీషు వైద్యం చదివి ఆయుర్వేదం వైపు వచ్చిన పెద్దమనిషి ఆయన. లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో సుబ్బారావుగారు కోలుకున్నారు. ఆయన ఆయుర్వేద కళాశాలలోనే శరీర నిర్మాణ శాస్త్రం బోధించే ఉద్యోగంలో చేరారు. మన ఔషధాల్లో ఏముందో, అవి ఎలా పనిచేస్తాయో ఆధునిక పద్ధతిలో పరిశోధించాలన్న కోరిక అక్కడ బలపడింది. అందుకు అమెరికా పోవాలని నిశ్చయించుకున్నారు. మామగారు, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేశాయి. 1922 అక్టోబరు 26న బోస్టన్‌లో దిగారు.

మళ్ళీ ఆయన ఈ నేల తొక్కలేదు. శేషగిరమ్మగారు ఇక్కడే ఉండిపోయారు. పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. మూడేళ్ళలో వస్తానని పోయిన భర్త కోసం ఆమె జీవితమంతా ఎదురుచూశారు. మహనీయుల చరిత్రలు రాసేటప్పుడు ఇలాంటి ఇల్లాళ్ళను ఒక వాక్యంతో దాటేయడం మనకు అలవాటు. ఆ త్యాగం కూడా ఆయన కనిపెట్టిన మందుల్లో కలిసి ఉన్నదనే నేను అనుకుంటాను.

హార్వర్డ్ నుంచి లెడర్లీ దాకా

హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమా చేస్తూ, పొట్టకూటి కోసం ఒక ఆస్పత్రిలో రాత్రి పనివాడిగా చేశారు. తర్వాత జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి పనిచేశారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతిని 1925లో ఇద్దరూ ప్రకటించారు. ఫిస్క్–సుబ్బారావు పద్ధతి పేరుతో అది ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో వాడుకలోకి వచ్చింది. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి. అనే పదార్థాలను గుర్తించడంలోనూ వీరి పని పెద్దది. 1930లో డాక్టరేటు వచ్చింది. ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వతమైన స్థానం దొరకలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ మందుల సంస్థకు మారారు. అక్కడ పరిశోధన అంతటికీ అధిపతి అయ్యారు.

ఇప్పుడు కథ మళ్ళీ మన దేశానికి వస్తుంది. బొంబాయిలో గర్భిణులైన మిల్లు కార్మిక స్త్రీలు విపరీతమైన రక్తహీనతతో బాధపడేవారు. లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ వాళ్ళకు ఈస్టు సారం తినిపిస్తే రక్తం పట్టిందని 1931లో ప్రకటించారు. కాలేయంలో, ఈస్టులో, ఆకుకూరల్లో ఉన్న ఆ గుణం ఏమిటో అప్పటికి తెలియదు. 1941లో అమెరికాలో మిచెల్ అనే శాస్త్రవేత్త బృందం నాలుగు టన్నుల పాలకూర నుంచి ఆ పదార్థాన్ని కాస్తంత రాబట్టి, ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాట మీద ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టింది. బండ్ల కొద్దీ ఆకుకూర పోస్తే చిటికెడు వచ్చే మందు రోగికి ఎలా అందుతుంది? సుబ్బారావుగారి నాయకత్వంలోని లెడర్లీ శాస్త్రవేత్తలు కాలేయం నుంచి దాన్ని స్ఫటికాలుగా వేరుచేశారు, నిర్మాణం కనుక్కున్నారు, 1945లో ప్రయోగశాలలో తయారుచేశారు. వెంటనే టామ్ స్పైస్ అనే డాక్టరు అమెరికాలోనూ, క్యూబాలోనూ స్ప్రూ రోగులకు, రక్తహీనత రోగులకు ఇచ్చి చూశారు. మంచం పట్టినవాళ్ళు లేచి అన్నం అడిగారు. అన్నదమ్ములిద్దరినీ మింగిన జబ్బుకు మందు దొరికింది. దొరికేసరికి ఆ అన్నదమ్ములు పోయి చాలా ఏళ్ళయింది.

స్ప్రూ చికిత్సలో రెండో భాగం కూడా ఆయన సంస్థ నుంచే వచ్చింది. బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ శాస్త్రవేత్త మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ కనిపెట్టారు. టెట్రాసైక్లిన్ జాతిలో అదే మొదటిది. ఉద్యోగ విరమణ చేసిన తర్వాత లెడర్లీలో చేరి, డెబ్బై దాటిన వయసులో ఆయన ఈ పని చేశారు. పెన్షనర్లమైన మనం గర్వించదగిన విషయం! 1948లో ఆ మందు లోకానికి తెలిసింది. 1947లో బోదకాలుకు వాడే హెట్రజాన్ వచ్చింది. నేను ఇంటింటికీ తిరిగి మింగించినది అదే. ఫోలిక్ ఆమ్లానికి ఎదురు పనిచేసే అమైనాప్టెరిన్‌ను కూడా ఆయన బృందమే తయారుచేసింది. సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు దానితో రక్త క్యాన్సరు పిల్లలకు చికిత్స చేసి 1948లో ఫలితాలు ప్రకటించారు. నేటి క్యాన్సరు మందులకు అది నాంది.

ఆ 1948 ఆగస్టులోనే సుబ్బారావుగారు నిద్రలో గుండెపోటుతో కన్నుమూశారు. వయసు యాభై మూడు. ఆయన అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. పేటెంట్లు, ప్రచారం, బిరుదులు కోరుకోలేదు. మన ప్రభుత్వం 1995లో, శతజయంతి సంవత్సరంలో, ఆయన పేరిట తపాలా బిళ్ళ విడుదల చేసింది. అప్పుడు నేను సర్వీసులోనే ఉన్నాను. ఆ స్టాంపు అంటించిన కవర్లు నా చేతుల మీదుగా పోయే ఉంటాయి. నేను గమనించలేదు.

ఆ జబ్బు మనకు చెప్పేదేమిటి?

చిన్నపేగు సుమారు ఇరవై అడుగుల పొడవుంటుంది. దాని లోపలి పొర మఖమల్ గుడ్డ నూగులా ఉండి తిన్నదాని సారాన్ని పీల్చుకుంటుంది. ఆ పొర కొన్ని రోజులకొకసారి రాలిపోయి కొత్తది పుడుతుంది. కొత్త కణాలు పుట్టాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. అపరిశుభ్రమైన నీళ్ళ వల్లనో, మరో విధంగానో చేరిన సూక్ష్మజీవులు చిన్నపేగులో తిష్ట వేస్తే పొర దెబ్బతింటుంది. దెబ్బతిన్న పొర ఫోలిక్ ఆమ్లాన్ని పీల్చుకోలేదు. అది అందక కొత్త పొర సరిగా పుట్టదు. బావిలో నీళ్ళు లేక మోటారు కాలిపోవడం, మోటారు కాలి నీళ్ళు రాకపోవడం వంటిదే ఇది. ఫోలిక్ ఆమ్లం, యాంటీబయాటిక్ కలిసి ఈ విషవలయాన్ని తెంచుతాయి.

కాని ఇక్కడ ఒక హెచ్చరిక ఉన్నది. సుబ్బారావుగారి కాలంలోనే డాక్టర్లు గమనించిన సంగతి ఇది. పెర్నీషియస్ ఎనీమియా అనే రక్తహీనతలో ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఇస్తే రక్తం బాగుపడ్డట్టు కనిపిస్తుంది, నరాలు మాత్రం లోపల చెడిపోతూనే ఉంటాయి. అసలు లోటు బి12 విటమినుది. 1948లోనే ఆ విటమిను విడిగా దొరికింది. నేను చేసిన తప్పు సరిగ్గా ఇదే. సొంతంగా మింగిన ఎర్ర గోలీలు నా రక్త పరీక్షను మభ్యపెట్టాయి. పాదాల తిమ్మిరిని వయసు ఖాతాలో వేశాను. చికిత్సతో కడుపు పూర్తిగా బాగయింది, తొమ్మిది కిలోల బరువు తిరిగి వచ్చింది. కాని ఎడమ పాదంలో స్పర్శ ఈనాటికీ పూర్తిగా రాలేదు. చెప్పు జారిపోయినా తెలియదు. సిగ్గుపడి పోగొట్టుకున్న ఆరు నెలల ఖరీదు అది.

మిత్రులందరికీ నేను మనవి చేసేది ఇదే:

1. విరేచనాలు గాని, మలబద్ధకం గాని మూడు నాలుగు వారాలు దాటితే, బరువు తగ్గితే, మలంలో రక్తం కనిపిస్తే, నల్లగా తారులా వస్తే సొంత వైద్యం మాని డాక్టరుకు చూపించండి. స్ప్రూ ఒక్కటే కాదు, పెద్ద జబ్బులు కూడా ఇలాగే మొదలవుతాయి.

2. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడేవారు, ఏళ్ళ తరబడి గ్యాస్ గోలీలు వాడేవారు బి12 పరీక్ష గురించి డాక్టరును అడగండి. ఈ రెండూ బి12ను తగ్గించగలవు. వయసు మీరినకొద్దీ జీర్ణాశయంలో ఆమ్లం తగ్గినా అదే ఇబ్బంది. అలాగని మందులు మీ అంతట మీరు మానేయకండి.

3. తోటకూర, పాలకూర, గోంగూర, గంగవాయిలి కూర, పెసలు, శనగలు, పల్లీలు వంతులవారీగా తినండి. ఆకుకూర గంటల తరబడి ఉడికించి నీళ్ళు పారబోస్తే ఫోలిక్ ఆమ్లం పోతుంది. పప్పులో వేసి ఆ నీళ్ళతోనే వండుకోవాలి. బి12 ఆకుకూరల్లో ఉండదు. పాలు, పెరుగు, గుడ్డు, మాంసంలో ఉంటుంది.

4. ఇంట్లో తోడుపెట్టిన పెరుగు, పలుచని మజ్జిగ, జొన్న రొట్టె, మక్క గటక మన పెద్దలు తిన్నవే. పళ్ళు లేనివారు మెత్తగా చేసుకుని తినవచ్చు. పీచు పెంచినప్పుడు నీళ్ళు కూడా పెంచాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరు చెప్పినట్టు నడుచుకోవాలి.

5. తాగే నీళ్ళు, చేతుల శుభ్రత విషయంలో అశ్రద్ధ వద్దు.

6. అన్నిటికంటే ముఖ్యం, దొడ్డి సంగతి ఇంట్లో చెప్పడానికి సిగ్గుపడకండి. ఇంట్లో పిల్లలకు నా మనవి కూడా ఇదే. పెద్దవాళ్ళ బట్టలు వదులైతే, పళ్ళెంలో అన్నం మిగులుతుంటే అడగండి.

పురుషోత్తం, కృష్ణమూర్తి గార్లకు మందు లేదు, పోయారు. నాకు మందు ఉన్నది, ఊళ్ళోనే దుకాణంలో కొద్ది రూపాయలకు దొరుకుతుంది. అయినా నోరు విప్పక ప్రాణం మీదికి తెచ్చుకున్నాను. భార్యాబిడ్డలకు దూరమై, సముద్రాలు దాటి ఒక మనిషి సాధించిన మందు మన దాకా వచ్చి అరమారలో ఉన్నప్పుడు, సిగ్గుతోనో, అన్నీ తెలుసునన్న అహంకారంతోనో దాన్ని సరిగా వాడుకోకపోవడం ఆయన శ్రమను అవమానించడమే.

ఏటా జనవరి 12న మన సంఘం కార్యాలయంలో సుబ్బారావుగారి పటానికి ఒక పూలదండ వేసి, ఆ రోజు సభ్యులకు రక్త పరీక్షల శిబిరం పెడితే బాగుంటుందని కార్యవర్గానికి నా సూచన. దండకు అయ్యే ఖర్చు నా పెన్షన్‌లో నుంచి నేను ఇచ్చుకుంటాను.

అందరూ ఆరోగ్యంగా, కడుపునిండా తిని, అరిగించుకుని, నిండు నూరేళ్ళూ పెన్షను అందుకోవాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.